ఓడ మీద వచ్చిన ఎనిమిది పెట్టలు

కోళ్లు పెంచి, కూరగాయలు పండించి పని చాలించుకున్న మనిషికి ఎవరూ శాలువా కప్పరు. మోకాళ్లు ఇక వంగమని మొండికేశాయి, నేను మానేశాను, అంతే. మిగిలిన పదకొండు కోళ్లనూ వానలు తగ్గగానే తెలిసినవాళ్ల ఇళ్లకు పంపేశాను. మర్నాడు పొద్దున్న అలవాటుగా నూకల డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. గూడు ఖాళీగా ఉంది. డబ్బా పట్టుకునే కాసేపు అక్కడ నిలబడ్డాను.

నేను పుట్టింది ఈ దీవుల్లోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి హార్బరు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన మెయిన్‌ల్యాండ్ వెళ్లే ఓడలో, ఇంజిన్ గదిలో పనిచేసేవారు. నెలలో ఇరవై రోజులు నీళ్ల మీదే. మాకు పిల్లలు లేరు. బ్రూక్షాబాద్‌లో ఇంటి వెనక అరెకరం నేల, పాతిక ముప్పై కోళ్లు, నాలుగు బాతులు, ఆకుకూరల మడులు. ముప్పై రెండేళ్లు అదే నా ఉద్యోగం.

మొన్నామధ్య మా బస్తీలో ఆడవాళ్లకు పెరటి కోళ్ల పెంపకం మీద శిక్షణ పెట్టారు. అనుభవమున్న మనిషినని నన్ను పిలిచి ఓ అరగంట మాట్లాడమన్నారు. బాగానే దంచాను. చివర్లో ఓ అమ్మాయి లేచింది. సుజాత. ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న రత్నం వదిన కూతురు. ఇప్పుడు తల్లితో కలిసి ఆస్టినాబాద్‌లో ఉంటోంది, శిక్షణ కోసం బస్సెక్కి వచ్చింది.

"అత్తా, నాకు కోళ్లు పెట్టాలనుంది గాని అమ్మ వద్దంటంది. తన చెయ్యి కోళ్లకి అచ్చిరాదంట. ఇంట్లో పెడితే పూరా చచ్చిపోతాయంట. సచ్ మే అలగుంటాదా అత్తా?"

హాల్లో అందరూ నావైపు చూశారు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. "అమ్మ మాట కూడా వినాలి కదమ్మా" అని నవ్వేసి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ అరగంటలో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ఎవరూ తోడుండని పని

ముందు ఈ పని సంగతి. చాలామంది దీన్ని కాలక్షేపం అనుకుంటారు. కాలక్షేపమైతే ఒకరోజు మానెయ్యచ్చు. కోళ్లకు ఆదివారం లేదు. నేను ఊరు వెళ్తే గూడు తలుపు ఎవరు తీస్తారు, మళ్లీ సాయంత్రం లెక్క చూసి ఎవరు వేస్తారు? మా తమ్ముడి పెళ్లి విశాఖపట్నంలో జరిగింది. ఓడ రానూ పోనూ ఎనిమిది రోజులు, అక్కడ ఓ వారం. అప్పుడు నా కోళ్లు గుడ్ల మీదున్నాయి. వెళ్లలేదు. ఫోటోలు పంపించారు. అందులో నా చోట ఎవరో పిన్ని నిలబడి ఉంది.

ఇక్కడ వాన మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా వదలదు. మామూలు కొత్తిమీర ఆ వానకు నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది. అందుకే ఇక్కడ అందరం బర్మా ధనియా వేస్తాం. పొడుగాటి ఆకు, అంచున పళ్లుంటాయి, వాసన కొత్తిమీరకు అన్నలా ఉంటుంది. నీడలో వెయ్యండి, ఎండలో వేస్తే పూతకొచ్చి ఆకు ముదిరిపోతుంది. బచ్చలి వానకు బాగా పాకుతుంది. ఆనపకాయ పాదును పందిరెక్కించకపోతే పిందె నేలను తగిలి మురిగిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో కష్టం, నీళ్లుండవు. వానాకాలమంతా నీళ్లను తిట్టుకున్న నోటితోనే ఎండాకాలమంతా నీళ్ల కోసం మొక్కుకోవాలి.

నత్తల గురించి చెప్పకపోతే నేను అబద్ధాలకోరునే. పిడికిలంత నత్తలు. వాన పడితే తెల్లారేసరికి మడి మడంతా నున్నగా చేసి పెడతాయి. మొదటి ఏడాది నాకు ఎవరో చెప్పారు, ఉప్పు చల్లితే చస్తాయని. చల్లాను. చచ్చాయి. ఆ మడిలో తర్వాత రెండేళ్లు తోటకూర కూడా లేవలేదు. సముద్రం మధ్యలో ఉంటూ నేలకు ఉప్పు పోసిన తెలివి నాది. బకెట్టు పట్టుకుని, మసక వెలుతురులో చేత్తో ఏరడం ఒక్కటే దారి. చిన్న నత్తల్ని బాతులు చూసుకుంటాయి.

ఇదంతా ఒక్కరే చేసే పని. మా ఆయన ఓడ వెళ్లిన రోజుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నా గొంతు నేను వినేది కోళ్లను పిలిచేటప్పుడే. వాటితో మాట్లాడేదాన్ని. ఫలానా పెట్టకు పొగరెక్కువని, ఫలానా పుంజుకు సిగ్గులేదని తిట్టేదాన్ని. నవ్వుకోండి. కానీ ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు దీనికి సిద్ధపడాలి. చేతులకు పనుంటుంది, మనసుకు మనిషి ఉండడు.

నాకు మాత్రం ఒక మనిషి ఉండేది. కంచెకు అవతల, రత్నం వదిన.

గోల్ ఘర్‌లో నా పైఅధికారి

ఆమె గురించి చెప్పేముందు ఇంకో మనిషి సంగతి చెప్పాలి. నాకు పైఅధికారి అంటూ ఎవరైనా ఉన్నారంటే గోల్ ఘర్‌లో కూరగాయల దుకాణం నడిపిన సుబేర్ భాయి. వారానికి మూడుసార్లు బర్మా ధనియా, పుదీనా, కరివేపాకు కట్టలు కట్టి తీసుకెళ్లేదాన్ని. ఆయన కట్ట విప్పి చూసేవాడు కాదు. ఓసారి ఓడ నాలుగు రోజులు ఆలస్యమైంది. మెయిన్‌ల్యాండ్ కూరలు రాక దుకాణాలు బోసిపోయాయి. ఏది తెచ్చినా అమ్ముడవుతుందని, పసుపెక్కిన ఆకును కట్టల మధ్యలో పెట్టి, చుట్టూ తాజా ఆకు పేర్చి తీసుకెళ్లాను. ఆయన ఎప్పటిలాగే విప్పకుండా తీసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత వెళ్తే, ముందు కుర్చీ వేసి టీ తెప్పించాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"దీదీ, బీచ్ మే క్యా హై, మై నహీ దేఖ్‌తా. ఖానే వాలా దేఖేగా."

మధ్యలో ఏముందో నేను చూడను, తినేవాడు చూస్తాడు. అంతే అన్నాడు. పేచీ పెట్టలేదు, నా దగ్గర కొనడం మానలేదు. టీ గ్లాసు అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఏనాడూ కట్టలో పాత ఆకు పెట్టలేదు. ఆకు విషయంలో అంత తొందరగా బుద్ధి తెచ్చుకున్నదాన్ని, మనిషి విషయంలో తెచ్చుకోలేకపోయాను.

పొదగేసే చెయ్యి

రత్నం వదిన నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్లదీ శ్రీకాకుళం వైపే. ఆమె భర్త మేస్త్రీ. వరసకు ఏమీ కాము, వదినా అంటే వదినా అనుకునేవాళ్లం. పొద్దున్నే ఇద్దరం గూళ్లు తీసి కంచె దగ్గర నిలబడితే, టీ చల్లారేదాకా కబుర్లే. నా కోళ్లు ఆమె పెరట్లో, ఆమె కోళ్లు నా పెరట్లో. ఎవరి గుడ్డు ఎవరిదో ఎప్పుడూ గొడవ పడలేదు.

పొదుగుకు వచ్చిన పెట్ట కింద గుడ్లు పెట్టడానికి మా వైపు అందరి చెయ్యీ పనికిరాదంటారు. కొందరి చెయ్యి మంచిది, వాళ్లు పెడితే పిల్లలు లేస్తాయి. బ్రూక్షాబాద్‌లో ఆ చెయ్యి రత్నం వదినది. తెలుగువాళ్లే కాదు, రాంచీవాళ్లు, బెంగాలీవాళ్లు, తమిళులు కూడా పిలిచేవాళ్లు. ఆమె స్నానం చేసి, తలకు గుడ్డ కట్టుకుని వెళ్లేది. గుడ్డును వెలుతురుకు పట్టి చూసి, నచ్చనివి పక్కన పెట్టేది. గంపలో గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఓ ఇనుప మేకు, ఓ బొగ్గుముక్క అడుగున పెట్టేది. పదమూడు గుడ్లు. పెట్ట వీపు మీద ఒకసారి నిమిరి, "కూకో తల్లీ, ఇంక నీదే డ్యూటీ" అనేది. పన్నెండు పిల్లలైనా లేచేవి.

ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. వెళ్లిన ప్రతి ఇంట్లో ఆమెకు ఓ కుర్చీ వేసి మాట్లాడేవాళ్లు, అదే ఆమెకు కావాల్సింది. "నాకేటొచ్చు వదినా, చదువా సంధ్యా? ఈ చెయ్యి ఒకటిచ్చినాడు దేవుడు" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో ఉన్న గర్వం నాకు ఇంకా కళ్ల ముందుంది.

ఎనిమిది పెట్టలు

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఒక పిచ్చి ఉంటుంది. ఏ వస్తువైనా సరే, ఓడ మీద వచ్చిందంటే మంచిదనే లెక్క. బియ్యమైనా, చీరైనా, స్క్రూడ్రైవరైనా. ఇక్కడిదంటే పెదవి విరుస్తాం. నా కోళ్లు మొండివే, వానకు తట్టుకునేవే, కానీ గుడ్లు తక్కువ. మెయిన్‌ల్యాండ్‌లో ఎడాపెడా గుడ్లు పెట్టే రకాలున్నాయని విని, మా ఆయన్ని సతాయించాను.

అప్పట్లో బయటి నుంచి కోళ్లను తేవద్దని గట్టిగా చెబుతున్నారు. ఎక్కడో కోళ్లకు జబ్బు వచ్చిందని భయం. మా ఆయన రెండు ట్రిప్పులు కాదన్నారు. మూడో ట్రిప్పులో, నా పోరు పడలేక, ఎనిమిది పెట్టల్ని అట్టపెట్టెలో పెట్టి, తన కేబిన్‌లో దాచి తెచ్చారు. మంచి నిగనిగలాడే పెట్టలు. వాటిని కిందికి దింపుతూ నాతో ఒక్కటే అన్నారు.

"ఇది బైటపడితే నా ఉద్యోగం పోతాది. ఎవలితోనీ అనకు. రత్నమ్మతో కూడా అనకు."

అనలేదు. కంచె మీంచి చూసి రత్నం వదిన ఎగిరి గంతేసింది.

"అబ్బ, ఏటి వదినా ఇవి, ఏక్ దమ్ హీరోయిన్లలాగున్నాయి! ఎక్కడివి?"

"రంగత్‌లో మాకు తెలిసినవాళ్లు ఇచ్చారు" అన్నాను. రంగత్ ఈ దీవుల్లోదే, ఓడ మాట రాదు. నాలుగు మాటలు, చాలా తేలిగ్గా నోట్లోంచి వచ్చాయి.

కొత్త కోడిని తెస్తే విడిగా ఉంచాలని ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. పశువైద్యశాల వాళ్లు ఎన్నోసార్లు చెప్పారు. ఓడ సరుకుకు అదంతా అక్కర్లేదనుకున్నాను. పైగా విడిగా గూడు కడితే ఎందుకని అందరూ అడుగుతారు. అదే సాయంత్రం ఎనిమిదింటినీ పాతవాటితో కలిపేశాను.

ఆ వారమే నా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. రత్నం వదిన వచ్చి పొదగేసింది. పనయ్యాక కొత్త పెట్టల్ని ఒక్కొక్కటీ చంకలో పెట్టుకుని, రెక్కలు విప్పి చూసి మురిసిపోయింది. ఆ తర్వాత మూడు రోజుల్లో ఆమెకు ఇంకో నాలుగిళ్ల నుంచి పిలుపు వచ్చింది. వెళ్లింది.

పదో రోజుకు మొదలైంది. ముందు ఆమె కోళ్లు. ఆకుపచ్చటి రెట్ట, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరిగి తల వెనక్కి పడిపోవడం. చేతుల్లోనే పోయేవి. ఇరవై ఆరు కోళ్లలో ఒక్కటీ మిగల్లేదు. తర్వాత నావి. తర్వాత ఆ నాలుగిళ్లవి. ఆమె ఏయే ఇంటికి వెళ్లిందో ఆయా ఇంట్లో గూడు ఖాళీ అయింది. నా పాత కోళ్లు పందొమ్మిదీ పోయాయి. కొత్త పెట్టలు ఎనిమిదీ మాత్రం దర్జాగా తిరుగుతూ ఉన్నాయి.

డాక్టరమ్మ చెప్పింది

పశువైద్యశాల నుంచి వచ్చిన డాక్టరమ్మ చిన్నపిల్ల. వాన నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. చచ్చిన కోళ్లను చూసి ఇది కొక్కెర తెగులని చెప్పింది. టీకా వేసిన కోడికి పైకి ఏమీ కనిపించకపోయినా జబ్బు దానిలో ఉండచ్చట, పక్కవాటికి అంటించచ్చట. అక్కడి నుంచి మనుషుల చేతుల మీద, చెప్పుల మీద, చీర కుచ్చెళ్ల మీద ఇంటింటికీ వెళ్తుందట. కొత్త కోళ్లు తెచ్చారా అని అడిగింది.

"లేదు" అన్నాను. ఎనిమిదింటినీ ఆ పొద్దున్నే వంటగదిలో గంప కింద మూసి పెట్టాను.

ఆవిడ వెళ్లాక వంటగదిలోకి వెళ్లి గంప ఎత్తి చూశాను. అంతా నాకు అర్థమైపోయింది. జబ్బు రత్నం వదిన చేతి మీదే ఇంటింటికీ వెళ్లింది, అది నిజం. ఆ చేతికి అంటించింది నేను.

డాక్టరమ్మ చెప్పింది బస్తీలో ఎవరూ సరిగ్గా వినలేదు. వాళ్లకు కనిపించింది ఒక్కటే, రత్నం ముట్టుకున్న ప్రతి గూడూ పోయింది. ఎవరు మొదట అన్నారో తెలియదు. "చెయ్యి తిరగబడింది" అన్నారు. నాలుగు రోజుల్లో అందరి నోటా అదే. ఆమె ఎవరితోనూ వాదించలేదు. కంచె దగ్గరికొచ్చి నన్ను అడిగింది.

"వదినా, నిజంగా నా చెయ్యేనేటి? నువ్వు చెప్పు. నీకు తెలుస్తాది."

నాకు తెలుసు. నోరు విప్పితే మా ఆయన ఉద్యోగం పోతుంది. "దేవుడికి తెలియాలి వదినా" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. కాదని ఒక్క మాట అన్నా సరిపోయేది. కారణం చెప్పకుండానైనా కాదు అని ఉండచ్చు. అదీ అనలేదు.

ఇంకా సిగ్గులేని పని ఉంది, అదీ రాస్తాను. నా గూట్లో ఎనిమిది పెట్టలు బతికాయని అందరికీ మెల్లిగా తెలిసింది. "నీది గట్టి చెయ్యి" అన్నారు. ఆ తర్వాతి ఏడాది పొదగెయ్యడానికి నన్ను పిలిచారు. వెళ్లాను. ఆమె కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.

కంచె అవతల

ఆమె మళ్లీ కోళ్లు పెట్టలేదు. నా పెరట్లోకి రావడం మానేసింది. వస్తే నా కోళ్లకు ఏమవుతుందోనని ఆమె భయం. నేను పిలిచినా కంచె అవతలే నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడేది. నా మంచి కోసం దూరం జరిగిన మనిషి మొహం చూడలేక నేనే పొద్దున్న ఆలస్యంగా గూడు తియ్యడం మొదలుపెట్టాను. కబుర్లు తగ్గాయి. రెండేళ్ల తర్వాత వాళ్లాయన ఆస్టినాబాద్‌లో ఇల్లు కట్టి అటు వెళ్లిపోయారు. సామాను ఎక్కించేటప్పుడు సాయం చేశాను. నిజం చెబితే, ఆ లారీ కదిలినప్పుడు నాకు కాస్త ఊపిరి ఆడింది. ఆ వెంటనే ఇంట్లోకెళ్లి ఏడ్చాను.

తొమ్మిదేళ్ల కిందట మా ఆయన పోయారు. ఓడలోనే, పనిలో ఉండగానే, గుండె ఆగింది. రత్నం వదిన వచ్చి రెండు రోజులు నా దగ్గర ఉంది. వంట చేసింది. గూడు వైపు మాత్రం వెళ్లలేదు. "సుజాతా, నువ్వెళ్లి మేతెయ్యి" అని కూతుర్ని పంపేది. ఆ రెండు రోజుల్లో చెప్పి ఉండచ్చు. కాపాడుకోవడానికి ఉద్యోగం లేదు, మనిషే లేడు. చెప్పలేదు.

ఆ తర్వాత ఇంట్లో నేనూ, నా కోళ్లూ. టీ కాస్తే రెండో గ్లాసు ఎందుకో తెలియకుండా తీసి మళ్లీ పెట్టేసేదాన్ని. పక్కింట్లోకి అద్దెకు వచ్చినవాళ్లు మంచివాళ్లే, పలకరిస్తారు. కానీ నా పెట్టల పేర్లు వాళ్లకు తెలియవు. ఒంటరితనం ఈ పనితో వచ్చేదని పైన రాశాను. నాకొచ్చిన దాంట్లో సగమే పనిది.

ఆస్టినాబాద్

సుజాత ప్రశ్న విన్న మూడో రోజు బస్సెక్కాను. రత్నం వదిన వరండాలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి, "ఏటి వదినా, దారి తప్పినావా?" అని నవ్వి పీట జరిపింది.

పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. ఓడ, అట్టపెట్టె, రంగత్ అబద్ధం, వంటగదిలో గంప, అన్నీ. ఆమె చేపలు తోముతూనే వింది. తర్వాత కత్తిపీట పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"సుజాత కూతురు పుట్టినపుడు," అంది, "ఆస్పత్రిలో నర్సమ్మ ముందు నా చేతికే ఇయ్యబోయింది. నేను పట్టుకోలేదు. వాళ్ల అత్తగారికి ఇచ్చీమన్నాను. నెల్రోజులు ఆ పిల్లని ఎత్తుకోలేదు నేను. అందరూ ఏటనుకున్నారు? ఆడపిల్లని నాకు ఇష్టం లేదనుకున్నారు. సుజాత కూడా అలగే అనుకుంది. నేనేటని చెప్పుకోను?"

అప్పుడు పీట మీద కూర్చున్నాను. కోళ్లతో ఆగిందనుకున్నాను. ఇన్నేళ్లూ కోళ్ల దగ్గరే ఆగిందనుకున్నాను.

ఆమె లోపలికి కేకేసి సుజాతను పిలిచింది. "అత్త ఒకటి చెప్తాది, విను" అంది. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. సుజాత తల్లి వైపు చూసింది. "అమ్మా, పాప విషయం నాకు చెప్పొచ్చు కదమ్మా" అంది మెల్లిగా. తల్లి చేపల గిన్నె మీద మూత పెట్టింది. సుజాత కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది.

"అయితే అత్తా, నేను కోళ్లు పెడితే ఏటి చెయ్యాల?"

చెప్పాను. శిక్షణలో అరగంట మాట్లాడీ చెప్పనిది రెండు నిమిషాల్లో చెప్పాను. ఎక్కడి నుంచి తెచ్చినా, ఎంత మంచి ఓడ మీద వచ్చినా, కొత్త కోడి మూడు వారాలు వేరే గూట్లో ఉండాలి. ముందు పాతవాటికి మేత, తర్వాతే కొత్తవాటికి. కొత్త గూటికి వేరే చెప్పులు, వచ్చాక సబ్బుతో చేతులు. తేదీ తప్పకుండా టీకా. ఒక్క కోడి తల వాల్చినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి, అదే రోజు పక్కింటికీ చెప్పాలి. మన తప్పైతే ఇంకా ముందు చెప్పాలి. సుజాత ఫోన్‌లో మాట మాటా రికార్డు చేసుకుంది. రాసుకోవడం కంటే తనకు అదే సులువంది.

పాపను బడి నుంచి తేవాల్సిన వేళయింది. సుజాత చెప్పులేసుకోబోతే రత్నం వదిన ఆపింది. "ఈవేళ నేనెల్తాను" అంది.

ఇద్దరం గేటు దాకా కలిసి నడిచాం. నా దారి ఒక పక్కకు, ఆమెది ఇంకో పక్కకు. అక్కడ ఆగి అడిగింది.

"అన్నయ్య ఉన్నంతకాలం అనలేదు, సరే. ఉద్యోగం. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లూ ఎవలి ఉద్యోగం కోసం దాచినావు?"

బస్సులో వచ్చేటప్పుడు చాలా జవాబులు తయారు చేసుకున్నాను. అవేవీ పనికి రాలేదు. ఉన్నదే చెప్పాను.

"నాకు నువ్వొక్కదానివే ఉన్నావు వదినా. చెప్తే నువ్వు కూడా ఉండవని భయపడ్డాను."

ఆమె కొంగు సర్దుకుని, గేటు గడియ తీసింది.

"మరి చెప్పకపోతే మాత్రం ఉన్నానేటి?" అని, బడి వైపు వెళ్లిపోయింది.